బంతి ముట్టని ఆటగాడు: కెనడా ఫుట్‌బాల్‌లో లైన్‌మ్యాన్ బతుకు

లైన్‌మ్యాన్ అనగానే మనకు గుర్తొచ్చేది కరెంటు స్తంభం ఎక్కే మనిషి. కరెంటు ఉన్నంతసేపూ అతన్ని ఎవరూ తలచుకోరు, పోయాకే వెతుకుతారు. కెనడా ఫుట్‌బాల్‌లో ‘అఫెన్సివ్ లైన్‌మ్యాన్’ పరిస్థితీ అంతే.

ఈ ఆటలో జట్టుకు 12 మంది. మూడు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు వెళ్లాలి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద ప్రత్యర్థులు పడకుండా అడ్డుగోడలా నిలబడేది ఐదుగురు లైన్‌మెన్. ముందుకు విసిరిన బంతిని పట్టే హక్కు మామూలుగా వాళ్లకు ఉండదు. అందుకే స్కోరు లెక్కల్లోనూ వాళ్ల పేర్లు కనిపించవు. ప్రత్యర్థిని పట్టుకుని ఆపితే మాత్రం 10 గజాల పెనాల్టీ పడుతుంది, తప్పు చేసినవాడి నంబరు మైకులో వినిపిస్తుంది.

ఈ పనిలో రాణించిన భారత మూలాల ఆటగాడు బాబీ సింగ్. పుట్టింది ఫిజీలో. మన తెలుగువాళ్లు కూడా చెరకు తోటల కూలికి ఓడలెక్కి వెళ్లిన దేశమది. కెనడాలో పెరిగిన బాబీ, 2000 జనవరిలో సూపర్ బౌల్ గెలిచిన సెయింట్ లూయిస్ రామ్స్ జట్టులో ఉన్నాడు. 2001లో ఎక్స్‌ఎఫ్‌ఎల్ టైటిల్, ఆ తర్వాత కెనడాలో గ్రే కప్ కూడా అందుకున్నాడు. బీసీ లయన్స్‌కు ఆడాడు.

కెనడా లీగ్‌లో ప్రతి జట్టూ నిర్ణీత సంఖ్యలో స్వదేశీ ఆటగాళ్లను ఆడించాలి. ఆ స్థానాల్లో చాలావాటిని జట్లు లైన్‌మెన్‌తోనే నింపుతాయి. అంటే ఉద్యోగం దొరుకుతుంది. మరి దెబ్బ తగిలితే?

ఈ ప్రశ్న భిలాయ్‌లో అడిగితే జవాబు తేలిక. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకున్న ఈ ఉక్కు పట్టణంలో, ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలకూ ప్రమాదమంటే ఏమిటో తెలుసు. పనిలో గాయపడిన కార్మికుడికి 1923లోనే పరిహార చట్టం వచ్చింది. డబ్బు చేతికి రావడానికి తిరగాల్సి రావచ్చు, కానీ అడిగే హక్కు ఉంది.

కెనడాలోని పలు రాష్ట్రాల్లో వృత్తి క్రీడాకారులు కార్మిక పరిహార బీమా పరిధిలోకి రారు. తలకు తగిలిన దెబ్బలపై ఆర్లండ్ బ్రూస్ అనే మాజీ ఆటగాడు దావా వేస్తే, ఇది కోర్టులో కాదు, ఒప్పందం ప్రకారం మధ్యవర్తి దగ్గర తేలాలని న్యాయస్థానాలు అన్నాయి. 2018లో సుప్రీంకోర్టు అతని అప్పీలు వినడానికి నిరాకరించింది. బ్రూస్ లైన్‌మ్యాన్ కాదు, బంతి పట్టేవాడు. లైన్‌మ్యాన్‌కైతే దాదాపు ప్రతి ఆటలోనూ ఢీకొనడమే పని.

కొలిమి దగ్గర తగిలిన దెబ్బ పని గాయమైతే, జీతానికి ఆడేవాడికి మైదానంలో తగిలిన దెబ్బ ఎందుకు కాదు?