కుక్కపిల్లల వ్యాధులు, సంరక్షణ

కుక్కపిల్లల వ్యాధులు అనగా పుట్టినది మొదలు సుమారు ఆరు నెలల వయసు వరకు కుక్కపిల్లలకు సాధారణముగా వచ్చు జబ్బులు. క్రొత్తగా ఇంటికి తెచ్చుకొన్న పిల్ల మొదటి రెండు మూడు వారములలోనే జబ్బుపడుట తరచుగా కనిపించును. తల్లిని విడిచిన బెంగ, ఆహారపు మార్పు, ప్రయాణపు బడలిక, తల్లి నుండి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గిపోవుట - ఇవన్నీ ఒకే సమయమున కలిసివచ్చుట ఇందుకు కారణము. ఈ వ్యాసము ముఖ్యముగా అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల (2022 ఏప్రిల్ వరకు ఇవి ఒకే జిల్లా) మెట్ట ప్రాంత పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని వ్రాయబడినది.

ప్రాంత నేపథ్యము

అనంతపురం ప్రాంతము దేశములో మిక్కిలి తక్కువ వర్షము పడు ప్రాంతములలో ఒకటి. సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి ఋతుపవనములకు పడమటి కనుమలు అడ్డు. ఈశాన్య ఋతుపవనములు ఇంత లోపలికి వచ్చుసరికి బలహీనపడును. ఇక్కడి ప్రధానమైన పంట వేరుశనగ, ప్రధానమైన ఆసరా గొర్రెల పెంపకము. ఈ రెండింటికీ కుక్కపిల్లల ఆరోగ్యముతో దగ్గర సంబంధము కలదు. దానిని గురించి క్రింద వివరింపబడినది.

ఇక్కడ పెంచుకొను పిల్లలలో అధికభాగము నాటు జాతివి. నాటు కుక్కకు రోగము రాదు అను మాట పల్లెలలో తరచు వినవచ్చును. ఇది సరియైనది కాదు. ఈతకు ఆరేడు పిల్లలు పుట్టగా వీధిలో మిగులునవి ఒకటి రెండు మాత్రమే. చనిపోయిన వాటిని ఎవరును లెక్కపెట్టరు గనుక, బ్రతికిన దానిని చూచి జాతియే గట్టిదని అనుకొందురు.

మొదటి దినములు

పిల్లను ఎనిమిది వారముల వయసు నిండక ముందు తల్లి నుండి వేరుచేయరాదు. తెచ్చిన తరువాత మొదటి వారము పాత చోట తిన్న ఆహారమునే పెట్టి, క్రొత్త ఆహారమును కొద్దికొద్దిగా కలుపుచు మార్చవలెను. మూడు నెలల వరకు దినమునకు నాలుగు సార్లు కొంచెము కొంచెముగా పెట్టుట మేలు. రాగి సంగటి, అన్నము మంచివే గాని అవి మాత్రమే పెట్టినచో మాంసకృత్తులు చాలవు. ఉడికించిన గ్రుడ్డు, ఉడికించిన మాంసము చేర్చవలెను. ఆవుపాలు, గేదెపాలు కొన్ని పిల్లలకు అరగక విరేచనములు కలిగించును. పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి పాలు మరచిన పిల్లలలో తగ్గుటయే కారణము. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ పెట్టరాదు. జ్వరము వచ్చినదని మనుషుల పారాసిటమాల్ మాత్ర వేయుట ప్రమాదకరము.

పిల్ల ఆరోగ్యమును ఇంటిలోనే కొంత పరీక్షించవచ్చును. పెదవి ఎత్తి చూచినచో చిగుళ్ళు గులాబి రంగులో ఉండవలెను. పాలిపోయి ఉన్నచో రక్తహీనత ఉన్నదని అర్థము. మెడ వెనుక చర్మమును పట్టి పైకి లాగి వదలినచో వెంటనే యథాస్థితికి రావలెను. నెమ్మదిగా దిగినచో శరీరములో నీరు తగ్గినది. ఆసనములో ఉష్ణమాపకము పెట్టి చూచినపుడు 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ సహజమైన వేడి. మనిషి లెక్క ప్రకారము చూచి ఇది జ్వరమని కంగారుపడనవసరము లేదు.

పార్వో వ్యాధి

పిల్ల హుషారుగా ఉండి ఒకటి రెండు సార్లు పలుచగా విరేచనమైనచో ఒక దినము గమనించవచ్చును. మెత్తగా ఉడికిన అన్నము, కొంచెము కోడిమాంసము, కొద్దికొద్దిగా నీరు చాలును. అయితే పిల్ల నీరసించి, తినుట మాని, వాంతులు చేసుకొనుచు, రక్తముతో కూడిన దుర్వాసన గల విరేచనములు అగుచున్నచో అది పార్వో కావచ్చును. అప్పుడు రేపటి వరకు ఆగరాదు.

పార్వో వైరస్ 1978 లో మొదటిసారిగా గుర్తించబడినది. రెండు మూడు సంవత్సరములలోనే ప్రపంచమంతటా వ్యాపించినది. ఇది ప్రేగుల లోపలి పొరను, ఎముకల మజ్జను దెబ్బతీయును. వైరస్‌ను నేరుగా చంపు మందు పశువైద్యశాలలలో సాధారణముగా లభించదు. సెలైన్ ఎక్కించుట, వాంతులు ఆపుట, ఇతర సూక్ష్మజీవులు రక్తములో చేరకుండ యాంటీబయాటిక్ ఇచ్చుట - ఇదియే చికిత్స. సకాలములో ఈ చికిత్స అందినచో ఎక్కువ పిల్లలు బ్రతుకును, అందనిచో ఎక్కువ పిల్లలు చనిపోవును. సెలైన్ కొరకు మూడు నాలుగు దినములు వరుసగా వైద్యశాలకు తీసుకొనిపోవలసి ఉండును. కూలి మానుకొని పోవలెను గనుక చాలమంది మొదటి దినముతో ఆపివేయుదురు. రెండవ దినము కొంచెము తేరుకొన్నట్లు కనిపించుట కూడ మోసము కావచ్చును.

ఈ వైరస్ నేలలో నెలల తరబడి, కొన్ని పరిస్థితులలో సంవత్సరము వరకు నిలిచి ఉండును. వాకిటిలో పేడ కళ్ళాపి చల్లుట వలన గాని, ఫినాయిలు వలన గాని ఇది పోవునని నమ్మరాదు. గచ్చు నేలను, గిన్నెలను మొదట శుభ్రముగా కడిగి, ఒక వంతు సోడియం హైపోక్లోరైట్ బ్లీచింగ్ ద్రావణమునకు ముప్పది వంతుల నీరు కలిపి, ఆ నీటిలో పది నిముషములు తడిగా ఉంచవలెను. ఒక పిల్ల పార్వోతో చనిపోయిన ఇంటికి, టీకాలు పూర్తికాని మరొక పిల్లను సంవత్సరము లోపల తేకుండుట మంచిది. పిల్లలు ఏడ్చుచున్నారని మరుసటి వారమే ఇంకొక దానిని తెచ్చి, దానిని కూడ పోగొట్టుకొనుట పలు ఇండ్లలో జరుగుచున్నది.

డిస్టెంపర్ మరొక వైరస్ వ్యాధి. దీనికి వైరస్ కారణమని 1905 లో ఫ్రెంచి శాస్త్రవేత్త హెన్రీ కారే కనుగొనెను. కండ్లలో పుసి, ముక్కునుండి చీమిడి, దగ్గు మొదట కనిపించును. కొన్ని వారములకు మూర్ఛలు, దవడ కొట్టుకొనుట రావచ్చును. నరములకు సోకిన తరువాత కోలుకొనుట కష్టము.

టీకాలు

పై రెండు వ్యాధులకును టీకాలు కలవు. ఆరు నుండి ఎనిమిది వారముల వయసులో మొదలుపెట్టి, పదహారు వారముల వయసు వచ్చువరకు మూడు నాలుగు వారములకు ఒకసారి వేయించవలెను. ఒకే టీకాను మరల మరల ఎందుకు వేయవలెనని పలువురు అడుగుదురు. తల్లి జున్నుపాల ద్వారా వచ్చిన ప్రతిరక్షకములు రోగమునే గాక టీకాను కూడ అణచివేయును. అవి ఏ వారములో తరుగునో పిల్లపిల్లకు మారును. ఆ వారము తప్పిపోకుండుటకే ఈ వరుస. మొదటి సూదితోనే పని అయిపోయినదని పిల్లను వీధిలో వదలరాదు. రేబిస్ టీకా మూడు నెలల వయసులో వేయించి, సంవత్సరమునకు మరల వేయించవలెను.

టీకాను 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనములో ఉంచవలెను. మే నెలలో మందుల దుకాణమున కొని, జేబులో పెట్టుకొని, బస్సులో పల్లెకు చేరునప్పటికి ఆ టీకా నీటితో సమానము. మంచుగడ్డలున్న ఫ్లాస్కులో తేవలెను. పిల్లనే వైద్యశాలకు తీసుకొనిపోవుట ఇంకను మేలు.

కడుపులోని పురుగులు, గొర్రెల మందులు

కుక్కపిల్లలలో ఏలికపాములు తల్లి గర్భములో ఉండగానే ప్రవేశించును. కొంకిపురుగులు తల్లిపాల ద్వారా వచ్చును. ఉబ్బిన పొట్ట, ఎండిన డొక్కలు, పాలిన చిగుళ్ళు వీటి లక్షణములు. రెండు వారముల వయసు నుండి ఎనిమిది వారముల వరకు రెండు వారములకు ఒకసారి, ఆపై ఆరు నెలల వరకు నెలకొకసారి పురుగుల మందు త్రాగించవలెను. మోతాదు పిల్ల బరువును బట్టి ఉండును; కావున తూచుట తప్పనిసరి.

గొర్రెల మందలున్న ఇండ్లలో గొర్రెలకు తెచ్చిన మందునే చుక్కలుగా కుక్కపిల్లకు పోయుదురు. ఇది ప్రమాదము. గొర్రెలకు వాడు ఐవర్‌మెక్టిన్ ద్రావణములో కుక్కపిల్లకు కావలసిన దానికంటె మందు ఎంతో గాఢముగా ఉండును. ఒక చుక్క తేడాకు కూడ వణుకు, చూపు మందగించుట, స్పృహ తప్పుట సంభవించవచ్చును. ఆల్బెండజోల్ కుక్కలలో ఎముక మజ్జను దెబ్బతీసిన సందర్భములు కలవు.

గొర్రెలకును కుక్కలకును నడుమ మరొక లంకె ఉన్నది. గొర్రె కార్జము, ఊపిరితిత్తులలో కనిపించు నీటి తిత్తులు, తలను ప్రక్కకు వాల్చి గిరగిర తిరుగు గొర్రె మెదడులోని తిత్తి - ఇవి రెండును కుక్క ప్రేగులలో నుండు బద్దెపురుగుల పిల్ల దశలే. జాతరలలోను, ఇంటి పండుగలలోను గొర్రెను కోసి పనికిరాని భాగములను పచ్చిగా కుక్కకు విసరినచో ఆ చక్రము పూర్తియగును. మొదటి రకపు పురుగు గ్రుడ్లు మనిషి కడుపులో చేరినచో మనిషి కార్జములోను అట్టి తిత్తులే ఏర్పడును. ఆ భాగములను లోతుగా పూడ్చవలెను, లేదా బాగుగా ఉడికించవలెను. ఊరిలోని గొర్రెల కాపరులందరు కలిసి ఒకే దినమున కుక్కలన్నింటికి మందు వేసినచో ఫలితము ఎక్కువ.

పిడుదులు, గజ్జి

పిడుదులు పొడి వేడి ప్రదేశములలో బాగుగా వృద్ధిచెందును. రాతి గోడల సందులు, బండల ఇండ్ల కప్పులు వీటికి నివాసము. ఇవి రక్తము పీల్చుటయే గాక ఎర్లికియా, బబీసియా అను క్రిములను ఎక్కించును. జ్వరము, చిగుళ్ళు తెల్లబడుట, ముక్కు నుండి రక్తము కారుట కనిపించినచో రక్తపరీక్ష చేయించవలెను. ఎర్లికియాకు డాక్సీసైక్లిన్ సుమారు నాలుగు వారములు వాడుదురు.

వేరుశనగ చేనుకు కొట్టు పురుగుమందును నీటిలో కలిపి కుక్కపిల్లకు పూయువారు కలరు. పిల్ల దానిని నాకును, చర్మము ద్వారాను విషమెక్కును. చొంగ కారుట, వణకుట మొదలైనచో గంటల వ్యవధిలో ప్రాణము పోవచ్చును. గజ్జికి వాడిన ఇంజను నూనె పూయుట కూడ ఇట్టిదే. చిన్న పిల్లలకు చేతితోనో, చిమటాతోనో పిడుదులను తీసి, వయసుకు తగిన మందును వైద్యుని అడిగి వాడవలెను.

వేరుశనగ బూజు, ఆముదపు పిండి

చివరి దశలో వానలు లేక ఎండిన వేరుశనగకు నేలలో ఉండగానే ఒక జాతి బూజు పట్టును. అది ఆఫ్లటాక్సిన్ అను విషమును తయారుచేయును. 1960 లో ఇంగ్లండులో వేరుశనగ పిండి తిన్న టర్కీ కోళ్ళు వేల సంఖ్యలో చనిపోయినపుడు ఈ విషము బయటపడినది. కుక్కలు దీనికి చాల సులభముగా లోనగును. అమ్మకమునకు పనికిరాని పుచ్చుకాయలను, బూజు పట్టిన చెక్కను కుక్క గిన్నెలో వేయుట ఇక్కడ సహజము. కండ్లు, చిగుళ్ళు పచ్చబడుట, వాంతులు, నల్లని మలము దీని లక్షణములు. ఉడికించినంత మాత్రమున ఈ విషము పోదు. ఎరువుగా వాడు ఆముదపు పిండి కూడ విషమే. దాని వాసనకు కుక్కలు ఆశపడి తినును గనుక సంచులను ఎత్తున ఉంచవలెను.

ఎండ

ఏప్రిల్, మే నెలలలో పగటివేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటుట ఇక్కడ సాధారణము. రేకుల షెడ్డులో కట్టివేసిన పిల్లకు వడదెబ్బ తగులును. విపరీతముగా రొప్పుచు తూలుచున్న పిల్లను నీడకు చేర్చి, మామూలు నీటితో ఒడలంతయు తడిపి విసరవలెను. స్పృహలో లేనిదాని నోటిలో నీరు పోయరాదు.

వైద్య సదుపాయములు

మండల కేంద్రములలో ప్రభుత్వ పశువైద్యశాలలు కలవు. 2022 లో రాష్ట్రములో సంచార పశువైద్య వాహనములు ప్రారంభింపబడినవి. వీటికి ఫోను సంఖ్య 1962. రాయలసీమలోని పాత పశువైద్య కళాశాల తిరుపతిలో 1955 లో స్థాపింపబడినది.

రేబిస్

రేబిస్ పెద్ద కుక్కలకే వచ్చునని అనుకొనరాదు. తల్లిని పిచ్చికుక్క కరచిన చోట, లేదా తానే కరవబడిన చోట నుండి తెచ్చిన పిల్లకు కూడ ఇది ఉండవచ్చును. పాలపండ్ల గీతను ఆటగా భావించి పిల్లలు ఇంట చెప్పరు. ప్రమాదమంతయు ఇక్కడనే ఉన్నది, ఏలయన లక్షణములు బయటపడిన తరువాత ఈ వ్యాధికి దాదాపు చికిత్స లేదు.

గీత పడిన వెంటనే పారు నీటితో, సబ్బుతో పదిహేను నిముషములు కడుగవలెను. కారము, సున్నము, పసుపు, కాఫీపొడి అద్దరాదు. లూయీ పాశ్చర్ 1885 జూలైలో జోసఫ్ మైస్టర్ అను బాలునికి మొదటి టీకా ఇచ్చెను. మన పెద్దలు భయపడిన బొడ్డు చుట్టు సూదులు నరముల కణజాలముతో చేసిన పాత టీకావి. భారతదేశములో దానిని 2004 తో నిలిపివేసిరి. ఇప్పుడు చేతి చర్మములో 0, 3, 7, 28 దినములలో వేయుదురు. ప్రభుత్వ వైద్యశాలలలో ఇది ఉచితము. రక్తము కారిన గాయమునకు టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడ గాయములోనే వేయవలెను.

కరచిన పిల్లను పది దినములు గమనించుట పద్ధతియే గాని, గమనించుచు టీకాను వాయిదా వేయరాదు. పది దినములు అది ఆరోగ్యముగా ఉన్నచో మిగిలిన సూదుల విషయము వైద్యుడు నిర్ణయించును. టీకా లేని పిల్ల గొంతు మారి, చొంగ కార్చుచు, నడక తప్పి చనిపోయినచో కళేబరమును వట్టి చేతులతో తాకరాదు. దానిని ఎత్తుకొన్నవారు, దానిచే నాకించుకొన్నవారు, దాని నోటిలో చేయి పెట్టి మందు వేసినవారు అందరును, పసిపిల్లలతో సహా, ఆ దినముననే వైద్యశాలకు పోవలెను.