మారని చలరాశి

తెలుగు మాధ్యమంలో లెక్కలు చదువుకున్నవారికి ‘ప్రమేయం’ అనే మాట కొత్తది కాదు. ప్రదేశంలోని ప్రతి మూలకానికీ సహప్రదేశంలో ఒకే ఒక ప్రతిబింబం ఉండాలని నిర్వచనం. అదే విద్యార్థి తరువాత కంప్యూటర్ ముందు కూర్చుని ‘ఎక్స్ = ఎక్స్ + 1’ అన్న వాక్యాన్ని మొదటిసారి చూసినప్పుడు తికమకపడతాడు. ఏ సంఖ్యా తనకంటే ఒకటి ఎక్కువ కాజాలదు. అది సమీకరణం కాదనీ, ఎక్స్ అనే పెట్టెలో ఉన్నదాన్ని తీసి, ఒకటి కలిపి, మళ్ళీ అదే పెట్టెలో పెట్టమనే ఆజ్ఞ అనీ ఉపాధ్యాయుడు సర్దిచెబుతాడు. ఆ సర్దుబాటుకు ఇరవై ఏళ్ళు అలవాటుపడిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ నేర్చుకోబోయినప్పుడు, ఆ పాత తికమకే న్యాయమైనదని తిరిగి ఒప్పుకోవలసివస్తుంది. కష్టమంతా అక్కడే.

ఈ పద్ధతిలో ఫంక్షన్ అంటే గణితంలోని ప్రమేయమే. ఇచ్చిన విలువలు అవే అయితే వచ్చే ఫలితమూ అదే. ఉదయం పిలిచినా, రాత్రి పిలిచినా తేడా ఉండదు. ఒకసారి పేరు పెట్టిన విలువ మళ్ళీ మారదు. పేరుకు చలరాశి, నడతకు స్థిరరాశి. దీని మూలం ఇప్పటి కంప్యూటర్ల కంటే పాతది: అలొంజో చర్చ్ 1930లలో రూపొందించిన లాంబ్డా కలనం. జాన్ మెకార్తీ 1958లో మొదలుపెట్టిన లిస్ప్ భాష దాని నుంచి కొంత తీసుకున్నది. ఫోర్‌ట్రాన్ నిర్మాణానికి నాయకత్వం వహించిన జాన్ బాకస్, 1977లో తన ట్యూరింగ్ పురస్కార ప్రసంగంలో, తాను ప్రచారంలోకి తెచ్చిన శైలినే విమర్శించి ఫంక్షనల్ శైలిని ప్రతిపాదించాడు. హాస్కెల్ నిర్వచనం 1990లో వెలువడింది. 2014 నాటి జావా 8లోకీ లాంబ్డాలు ప్రవేశించాయి.

విలువ మారితే వచ్చే నష్టమేమిటి? వైద్యరంగం దీనికి చాలా పెద్ద మూల్యం చెల్లించింది. కెనడా ప్రభుత్వ సంస్థ ఒకటి తయారుచేసిన థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్సాయంత్రం 1985–87 మధ్య ఆరుగురికి ప్రమాదకరమైన అధిక మోతాదు ఇచ్చింది. అందులోని సాఫ్ట్‌వేర్ పనులు కొన్ని ఉమ్మడి చలరాశులను చదువుతూ, మారుస్తూ, పక్కపక్కనే నడిచేవి. 1986లో టెక్సస్ రాష్ట్రంలోని టైలర్‌లో ఆపరేటర్ ఎలక్ట్రాన్ చికిత్సకు బదులు పొరపాటున ఎక్స్-రే అని టైపు చేసి, వెంటనే వెనక్కి వెళ్ళి దిద్దింది. అయస్కాంతాలు సర్దుకోవడానికి సుమారు ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆమె సవరణ అంతలోపే ముగిసింది. కిరణపుంజపు తీవ్రతను నిర్ణయించే భాగం పాత విలువనే పట్టుకున్నది. టర్న్‌టేబుల్‌ను తిప్పే భాగం కొత్త విలువను చదివింది. తెర మీద మాత్రం అంతా సవ్యంగా కనిపించింది. 180 రాడ్‌లు అందవలసిన రోగికి 16,500 నుంచి 25,000 దాకా అందినట్టు తరువాత అంచనా వేశారు. మరుసటి నెల అక్కడే ఇంకొకరికి ఇలాగే జరిగింది. ఇద్దరూ మరణించారు.

1987 జనవరిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమాలో జరిగినదానికి కారణం మరీ చిన్నది. భద్రతా తనిఖీ అవసరమా కాదా అని సూచించే ఒక బైటు చలరాశికి ప్రతిసారీ ఒకటి కలిపేవారు. ఒక బైటులో 255 దాటితే మళ్ళీ సున్నాయే. సున్నా అంటే తనిఖీ అక్కరలేదని అర్థం. 256వసారి తనిఖీ జరగలేదు. బడిలో విద్యార్థిని తికమకపెట్టిన ‘ఎక్స్ = ఎక్స్ + 1’ అదే.

ఫంక్షనల్ శైలిలో రాస్తే ఆ ప్రాణాలు దక్కేవని చెప్పడం అతిశయోక్తి. పాత నమూనాలలో ఉన్న యాంత్రికమైన అడ్డుకట్టలను తొలగించి, భారమంతా సాఫ్ట్‌వేర్ మీద వేశారు; రోగులు ఒళ్ళు కాలిందని చెప్పినా మొదట నమ్మలేదు. ఆ దోషాలను ఏ భాషా దిద్దలేదు. కాని చికిత్సావివరం మారని విలువ అయివుంటే, సవరణ అంటే మరొక కొత్త వివరమే. తీవ్రతా, టర్న్‌టేబుల్ స్థానమూ రెండూ ఒకే వివరం నుంచి లెక్కకు వస్తే, సగం పాతదీ సగం కొత్తదీ అయిన చికిత్సకు చోటు చాలా తగ్గుతుంది.

ఆసుపత్రి కేస్‌షీట్‌లో ఈ క్రమశిక్షణ ఎప్పటినుంచో ఉంది. తప్పు రాస్తే చెరపకూడదు; చదవడానికి వీలుగా ఒక గీత కొట్టి, సంతకం, తేదీ వేసి, కొత్తది పక్కన రాయాలి. నిన్నటి మోతాదు నిన్నటిదే. ప్రతి మార్పుకూ మొత్తం నకలు తీయాలా అన్న సందేహం సహజం. అక్కరలేదు: మారని పాత కాగితాలను కొత్త దస్త్రం కూడా వాడుకుంటుంది. అవి ఎన్నటికీ మారవు కనుక పంచుకోవడంలో ప్రమాదం లేదు. రోజూ గిట్ వాడే ఇంజనీర్లు ఈ సూత్రం మీదే బతుకుతున్నారు.

నేర్చుకునేవారు మోనాడ్‌తో మొదలుపెట్టకపోవడం మేలు. వర్గ సిద్ధాంతపు పరిభాషకు జడిసి మొదటి వారంలోనే పుస్తకం మూసేసేవారు తక్కువమంది కారు. ఒక మధుమేహరోగి నెల రోజుల షుగర్ రీడింగుల జాబితా తీసుకుంటే చాలు. 180 దాటినవాటి సగటు కావాలి. పాత పద్ధతిలో మొత్తానికొకటి, లెక్కకొకటి రెండు పెట్టెలు పెట్టి, లూప్ తిప్పుతూ నింపుతారు. కొత్త పద్ధతిలో ఫిల్టర్‌తో జల్లెడ పట్టి, మిగిలినదాన్ని సగటు తీసే ఫంక్షన్‌కు అందిస్తారు. అదే పాఠ్యపుస్తకంలోని సంయుక్త ప్రమేయం. ఒక్క రీడింగూ 180 దాటకపోతే సగటు ఏమిటన్న ప్రశ్నను రెండు పద్ధతులూ ఎదుర్కోవాలి. హాస్కెల్ వంటి భాషలో ‘విలువ లేకపోవచ్చు’ అన్న సంగతిని ఫలితపు టైపులోనే చెప్పవచ్చు. మరిచిపోవడం అప్పుడు కష్టమవుతుంది.

సైడ్ ఎఫెక్ట్ అన్న మాటకు వైద్యంలో ఉన్న చెడ్డపేరు ఇక్కడ పూర్తిగా వర్తించదు. తెర మీద అక్షరం చూపడం, ఫైలు రాయడం, కిరణాన్ని వదలడం అన్నీ సైడ్ ఎఫెక్ట్‌లే. అవేవీ లేని ప్రోగ్రామ్ ఎవరికీ పనికిరాదు. వాటిని అంచులకు నెట్టి, మోతాదు లెక్కించే నడిమిభాగాన్ని శుద్ధంగా ఉంచడమే ఆచరణలో చేసేది. అలా ఉంచినప్పుడు ఆ లెక్కను యంత్రమూ రోగీ లేకుండానే వేల రకాల విలువలతో పరీక్షించవచ్చు. ఎనిమిది సెకన్లలోపు దిద్దిన ఆపరేటర్ కోసం ఎదురుచూడనక్కరలేదు.