పుట్టుకతో వచ్చిన బొంగురు గొంతును అశ్రద్ధ చేయరాదు

పసిబిడ్డ ఏడుపు నెలల తరబడి బొంగురుగానే ఉంటే జలుబని సరిపెట్టుకోరాదు. కొన్నేళ్లకు కనురెప్పల అంచున పూసలవంటి బొడిపెలు తేలితే అది లైపాయిడ్ ప్రొటీనోసిస్ అనే అరుదైన వంశపారంపర్య చర్మవ్యాధి కావచ్చు. ఇందులో గట్టి పదార్థమొకటి చర్మంలోనూ, గొంతులోనూ పేరుకొని శ్వాసమార్గాన్ని ఇరుకు చేస్తుంది. 2002లో గుర్తించిన జన్యులోపమే దీనికి మూలం. తల్లిదండ్రులిద్దరూ ఆ లోపాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాలలో ఈ ముప్పు ఎక్కువ.

దీనిని సమూలంగా మాన్పే మందు లేదు. అయినా మత్తు ఇచ్చి, లేజర్‌తో గాని సన్నని పరికరాలతో గాని పేరుకున్నదానిని తొలగిస్తే ఊపిరి తేలికపడుతుంది. మళ్లీ పేరుకోవచ్చు గనుక పరీక్షలు మానరాదు.

ఊపిరి పీల్చేటప్పుడు ఈలవంటి శబ్దం వచ్చినా, డొక్కలు ఎగరేసినా గంజాం పల్లెలవారు జాగు చేయక బిడ్డను బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రికి చేర్చాలి. ఊపిరాడని స్థితిలో మెడ ముందు రంధ్రం చేసి అమర్చే గొట్టమే ప్రాణం నిలుపుతుంది.