గడప దాటిన బండి విలువ

కొత్త మోటారు సైకిలుకు పెట్టిన సొమ్ములో కొన్నేళ్ల తరువాత తిరిగి చేతికి వచ్చేదెంత అన్నది యంత్రం మన్నికతోపాటు పన్నులు, కాగితాలు, కొనేవారి నమ్మకం కలిసి తేల్చే లెక్క.

భారతదేశంలో 2024–25 ఆర్థిక సంవత్సరంలో సుమారు 1.96 కోట్ల కొత్త ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి. కొన్న కుటుంబాల్లో చాలావాటికి అది రోజువారీ ప్రయాణ సాధనమే కాక, పిల్లల ఫీజుకో ఆసుపత్రి ఖర్చుకో అవసరమైనప్పుడు రొక్కంగా మార్చుకోగల ఆస్తి కూడా. వాడిన వస్తువును మళ్లీ అమ్మితే పలికే ధరను పునర్విక్రయ విలువ అంటారు. వ్యవహారంలో అదే ‘రీసేల్’. బండి కొనేటప్పుడు మైలేజీని, నెలవారీ వాయిదాను శ్రద్ధగా లెక్క వేసుకునే కుటుంబాలు సైతం ఈ మూడో లెక్కను అమ్మే రోజు వరకు వాయిదా వేస్తాయి. అయితే ఆ ధరను నిర్ణయించే అంశాలలో అధికభాగం కొన్న రోజు నుంచే పనిచేయడం మొదలుపెడతాయి.

మొదటి తగ్గుదల

కొనుగోలుదారు చెల్లించే మొత్తాన్ని ఆన్‌రోడ్ ధర అంటారు. తయారీదారు నిర్ణయించిన ధర, దానిపై వస్తు సేవల పన్ను కలిసిన ఎక్స్‌షోరూం ధరకు రాష్ట్ర ప్రభుత్వం ఒకేసారి వసూలు చేసే జీవితకాల పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము, బీమా ప్రీమియం చేరితే ఆ మొత్తం ఏర్పడుతుంది. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమాను, అంటే ప్రమాదంలో ఇతరులకు కలిగే నష్టానికి పరిహారమిచ్చే పాలసీని, ముందుగానే తీసుకోవడం తప్పనిసరి కావడంతో ఈ అదనపు భాగం మరింత పెరిగింది. పన్ను, బీమాల ప్రయోజనం కొంతవరకు రెండో యజమానికీ అందేదే అయినా, పాత బండికి బేరమాడేవారు వాటికి విడిగా వెల కట్టరు గనుక, ఆ సొమ్ము అమ్మకందారు లెక్కలో తొలిరోజే కరిగిపోతుంది.

ఈ తొలి తగ్గుదలకు రెండో కారణాన్ని అర్థశాస్త్రం వివరించింది. అమెరికన్ ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసం వాడిన కార్ల విపణినే ఉదాహరణగా తీసుకుంది. వాహనం లోపాలు అమ్మేవారికి తెలిసినంతగా కొనేవారికి తెలియవు కాబట్టి, కొనేవారు ముందుజాగ్రత్తగా ప్రతి వాహనానికీ తక్కువ ధరే ఇవ్వజూపుతారని, దానితో మంచి వాహనాల యజమానులు అమ్మకానికి వెనుకాడతారని, ఫలితంగా విపణిలో నాసిరకం సరుకు పాలు పెరుగుతుందని ఆయన నిరూపించారు. ఇరుపక్షాల ఎరుకలోని ఈ తేడాను సమాచార అసమానత అంటారు. ఈ రంగంలో చేసిన కృషికి ఆయన 2001లో నోబెల్ పురస్కారాన్ని మరో ఇద్దరితో పంచుకున్నారు. రెండు నెలలు కూడా తిరగని బండిని అమ్మకానికి పెడితే ‘ఇంత త్వరగా ఎందుకు వదిలించుకుంటున్నారు?’ అనే ప్రశ్న ముందుగా ఎదురవుతుంది. యంత్రం ఏమాత్రం అరగకపోయినా, ఆ అనుమానమే ధరను కిందికి లాగుతుంది.

బీమా లెక్క, బజారు లెక్క

విలువ తరుగుదలకు ఒక అధికారిక కొలమానం బీమా రంగంలో ఉంది. బండి చోరీకి గురైనా పూర్తిగా ధ్వంసమైనా బీమా సంస్థ చెల్లించే గరిష్ఠ మొత్తాన్ని బీమా ప్రకటిత విలువ అంటారు. పాలసీ పత్రంలో ఇది ‘ఐ.డి.వి.’గా కనిపిస్తుంది. తయారీదారు ప్రకటించిన ధరలోంచి బండి వయసును బట్టి ఆరు నెలల వరకు 5 శాతం, ఏడాది వరకు 15 శాతం, రెండేళ్ల వరకు 20, మూడేళ్ల వరకు 30, నాలుగేళ్ల వరకు 40, ఐదేళ్ల వరకు 50 శాతం చొప్పున తగ్గించి దీన్ని నిర్ణయిస్తారు. ఈ పద్ధతిలో లక్ష రూపాయల బండి విలువ తొలి ఏడాది ముగిసేసరికి 85 వేలుగా, ఐదో ఏట 50 వేలుగా లెక్కకు వస్తుంది. ఐదేళ్లు దాటితే బీమా సంస్థ, యజమాని పరస్పర అంగీకారంతో విలువను నిర్ణయించుకుంటారు.

ఈ పట్టిక అన్ని మోడళ్లకూ ఒకే తరుగుదలను వర్తింపజేస్తుంది. బజారు అలా చేయదు. తెలుగు పట్టణాల్లో ‘ఆటో కన్సల్టెన్సీ’ బోర్డు పెట్టుకుని పాత బండ్లు కొని అమ్మే వ్యాపారికి, ఆ బండి తన దగ్గర ఎన్నాళ్లు నిలిచిపోతుందన్నదే ప్రధానమైన చింత. వారంలో అమ్ముడుపోయే మోడల్‌కు ఎక్కువ ఇవ్వగల వ్యాపారి, నెలల తరబడి ఎండకు ఎండే మోడల్‌కు, అది ఎంత మేలైనదైనా, తక్కువే ఇస్తాడు.

1994లో హీరో హోండా విడుదల చేసిన స్ప్లెండర్‌కు రీసేల్‌లో ఉన్న పేరు ఈ కోణంలోంచే అర్థమవుతుంది. 97.2 సి.సి. ఇంజన్, నిర్మాణంలోని మౌలిక రూపం దశాబ్దాల పాటు పెద్దగా మారకపోవడం వల్ల దాని విడిభాగాలు మండల కేంద్రాల్లోనూ దొరుకుతాయి, దాన్ని విప్పి బిగించడం రోడ్డు పక్క షెడ్డులోని మెకానిక్‌కూ తెలుసు. విడిభాగం కోసం నగరానికి పరుగెత్తవలసిన బండికి, అధీకృత సర్వీసు కేంద్రం మూతపడిన బ్రాండుకు ఈ భరోసా ఉండదు. విద్యుత్ స్కూటర్ల రీసేల్ ఇంకా స్థిరపడకపోవడానికి కారణమూ ఇదే కోవలోనిది: ధరలో పెద్ద వాటా బ్యాటరీదే అయినప్పుడు, దానిలో మిగిలిన సామర్థ్యాన్ని పైపై పరిశీలనతో పసిగట్టలేని కొనుగోలుదారు ఆ అనిశ్చితిని ధరలోంచే తగ్గించుకుంటాడు.

పన్ను మారితే పాత ధరా మారుతుంది

పాత బండి ధర ఎప్పుడూ కొత్త బండి ధరను ఆనుకునే ఉంటుంది. సుప్రీంకోర్టు 2017 మార్చి 29న భారత్ స్టేజ్ (బి.ఎస్.)–3 ఉద్గార ప్రమాణాల వాహనాల అమ్మకాన్ని ఏప్రిల్ 1 నుంచి నిషేధించినప్పుడు, మిగిలిన నిల్వలను వదిలించుకోవడానికి ద్విచక్ర వాహన సంస్థలు రెండు రోజుల పాటు భారీ రాయితీలు ఇచ్చాయి; కొద్ది వారాల ముందు అవే మోడళ్లను పూర్తి ధరకు కొన్నవారి బండ్లకు పోల్చి చూసే ధరే కిందికి దిగిపోయింది. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.–6 ప్రమాణాలు అమలులోకి వచ్చి కొత్త బండ్లు ప్రియమైనప్పుడు, అంతకుముందు కొన్న బండ్లు చవకైన ప్రత్యామ్నాయాలయ్యాయి.

2025 సెప్టెంబరు 22న ఒకే నిర్ణయం రెండు వైపులా పనిచేసింది. 350 సి.సి. వరకు సామర్థ్యం గల మోటారు సైకిళ్లపై వస్తు సేవల పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు మించిన వాటిపై సెస్సుతో కలిపి 31 శాతంగా ఉన్న భారం 40 శాతానికి పెరిగింది. పన్నుకు ముందు 80 వేల రూపాయలయ్యే బండి 1,02,400 నుంచి 94,400కు దిగింది కాబట్టి, అంతకు నెల ముందు దాన్ని కొన్న కుటుంబం తన తప్పేమీ లేకుండానే ఎనిమిది వేల రూపాయల తేడాను భరించవలసి వచ్చింది. 349 సి.సి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఈ గీతకు ఇవతల, అదే సంస్థ 648 సి.సి. బండ్లు అవతల నిలిచాయి. కొత్తవి ప్రియమైన ఆ పెద్ద బండ్ల పాతవాటికి అదే పన్ను లెక్క అండగా మారింది.

కాగితాల బలం

ప్రభుత్వ నిర్ణయాలు, మోడల్ ఆదరణ యజమాని చేతిలో లేనివి. కాగితాలు మాత్రం పూర్తిగా అతని చేతిలోనివే. అప్పుతో కొన్న బండి రిజిస్ట్రేషన్ పత్రం (ఆర్.సి.)పై రుణదాత పేరు నమోదై ఉంటుంది. వాయిదాలన్నీ తీరినా ఫారం 35 ద్వారా ఆ పేరును తొలగించుకోకపోతే యాజమాన్య బదిలీ సాగదు. బదిలీకి ఫారం 29, ఫారం 30 కావాలి, బండి మరో రాష్ట్రానికి వెళ్లాలంటే ఫారం 28 రూపంలో నిరభ్యంతర పత్రం అవసరం. అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు ఆ సంగతిని 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ నిర్దేశిస్తోంది.

సంతకం చేసిన ఖాళీ ఫారాలను ఇచ్చి డబ్బు తీసుకుని వచ్చేయడం ఎంతటి ప్రమాదమో నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల కేసులో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు స్పష్టం చేసింది: వాహనం ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్ ఎవరి పేరిట ఉందో వారే చట్టం దృష్టిలో యజమాని, ప్రమాద పరిహార బాధ్యత కూడా వారిదే. ఈ దృష్టితో చూస్తే బదిలీ పూర్తికాని అమ్మకంలో చేతికి వచ్చిన ధర నికరమైన ధర కాదు.

తొలి సర్వీసు నుంచి దాచిన రసీదులు, మధ్యలో తెగని బీమా, పెండింగు చలాన్లు లేని రికార్డు, రుణదాత పేరు తొలగిన ఆర్.సి. కలిసి, అకెర్లాఫ్ చెప్పిన సమాచార అసమానతను కొనేవారి కళ్లెదుటే తగ్గిస్తాయి. అందుకే ఒకే ఏడాది, ఒకే మోడల్ బండ్లు రెండింటిలో చరిత్ర తెలిసినదానికి ఎక్కువ పలుకుతుంది. పాత బండి కొనేది తరచుగా కొత్తదాని వాయిదా భరించలేని విద్యార్థో, రోజుకూలీయో, ఇంటింటికీ సరుకు చేరవేసే యువకుడో అయి ఉంటాడు; మోసపోతే మరొకటి కొనుక్కునే స్తోమత అతనికి ఉండదు. తొలి యజమాని భద్రపరిచిన రసీదుల కట్ట తనకు నాలుగు డబ్బులు ఎక్కువ తెచ్చిపెట్టడంతోపాటు, ఆ రెండో ఇంటి కష్టార్జితానికీ కాపుగా నిలుస్తుంది.