వాహనంలో శీతోష్ణ నియంత్రణ: నిదానమే ప్రధానం

ఆయుర్వేదంలో రోగకారణాన్ని గుర్తించడాన్ని 'నిదానం' అంటారు. లోకవ్యవహారంలో ఆ మాటకు తొందరపాటు లేకపోవడమని అర్థం. యంత్రాల మరమ్మతుకు ఈ రెండూ అవసరమే. కారులో చల్లదనం తగ్గగానే గ్యాసు నింపించడం చాలామందికి పరిపాటి. కాని ఆ గ్యాసు పెట్రోలువలె ఖర్చయిపోదు. మూసివున్న గొట్టాలలోనే పరిభ్రమిస్తుంది. ఏళ్ళ తరబడి స్వల్పంగా తగ్గవచ్చు గాని, కొద్ది నెలల్లోనే తరిగిపోతే అది ఎక్కడో కారుతున్నదని గ్రహించాలి.

చేతితో తిప్పే నాబ్‌లు గల వాహనాలలో గాలి వేగాన్ని, ఉష్ణోగ్రతను, గాలి దిశను వేర్వేరుగా మార్చుకోవచ్చు. వెచ్చదనం ఇంజను నుండి లభిస్తుంది. ఇంజను వేడిని గ్రహించిన కూలెంటు, హీటర్ కోర్ అనే చిన్న రేడియేటరు గుండా ప్రవహిస్తూ గాలిని వెచ్చబరుస్తుంది. చల్లదనానికి మూలం వేరు. కంప్రెసర్ గ్యాసును అధిక పీడనానికి గురిచేస్తుంది. వాహనం ముందుభాగంలోని కండెన్సర్‌లో అది వేడిని వదలి ద్రవంగా మారుతుంది. సన్నని వాల్వును దాటగానే పీడనం తగ్గి, ఇవాపరేటర్‌లో ఆవిరవుతూ గాలిలోని వేడిని హరిస్తుంది.

పరీక్షను సులభమైన అంశాలతో ప్రారంభించాలి. గాలి అసలే రాకపోతే ఫ్యూజును, ఫ్యాను మోటారును చూడాలి. అత్యధిక వేగంలో మాత్రమే గాలి వస్తే సాధారణంగా రెసిస్టర్ కాలిపోయి ఉంటుంది. గాలి మందగిస్తే ఫిల్టరు దుమ్ముతో పూడిపోయి ఉండవచ్చు. ఉష్ణోగ్రత నాబ్ తిప్పినా మార్పు లేకుంటే, లోపలి తలుపును కదిలించే తీగ ఊడిందేమో పరిశీలించాలి. తీయని వాసన వచ్చి, అద్దంపై జిడ్డుపొర ఏర్పడితే హీటర్ కోర్ కారుతున్నదని అనుమానించాలి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయడం ప్రమాదకరం.

గాలి బాగా వస్తున్నా చల్లబడకపోతే, కంప్రెసర్ పనిచేస్తున్నదో లేదో చూడాలి. పీడనం బాగా తగ్గితే రక్షణ స్విచ్చు దానిని ఆపివేస్తుంది. అతుకుల వద్ద నూనె మరకలు గ్యాసు కారుతున్నదనడానికి గుర్తులు. లోపాన్ని సరిచేసిన పిమ్మట పంపుతో గొట్టాలలోని గాలిని, తేమను తొలగించి, తయారీదారు నిర్దేశించిన తూకం ప్రకారమే గ్యాసు నింపాలి. ఈ పని తగిన పరికరాలున్న నిపుణులే చేయాలి.

పూర్వం వాడిన ఆర్-12 గ్యాసు ఓజోన్ పొరకు హాని చేసింది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దాని వాడకాన్ని నియంత్రించింది. తరువాత వచ్చిన ఆర్-134ఎ ఓజోన్‌కు హాని చేయదు. కాని నూరేళ్ళ కాలావధిలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా భూతాపాన్ని పెంచగలదు. అందుకే 2016లో కిగాలీ సవరణ ఇటువంటి గ్యాసుల వాడకాన్ని క్రమంగా తగ్గించాలని నిర్ణయించింది.

కారణం తెలియకుండా నింపిన గ్యాసు తిరిగి గాలిలోనే కలుస్తుంది. దానివల్ల యజమాని ధనం వృథా అవుతుంది. ఆ నష్టంలో లోకమంతా పాలుపంచుకోవలసి వస్తుంది.