చాక్లెట్ కరిగిస్తుంటే ముద్దైపోయిందా? ముందు స్టవ్ ఆపండి

ఈ రోజు ఎపిసోడ్‌లో కొత్త రెసిపీ ఏమీ లేదు. చాక్లెట్ కరిగించడం గురించి మాత్రమే మాట్లాడుకుందాం. "అందులో మాట్లాడటానికి ఏముంది, వేడి చేస్తే కరుగుతుంది కదా" అని మీకు అనిపించొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకునే నా మొదటి ఆర్డర్ పోగొట్టుకున్నాను.

ఇంట్లోనే చాక్లెట్లు చేసి అమ్ముదామని మొదలుపెట్టిన కొత్తలో, ఒకావిడ వాళ్ల పాప పుట్టినరోజుకి 40 పింక్ హార్ట్ చాక్లెట్లు అడిగారు. అడ్వాన్స్ కూడా ఇచ్చారు. ముందు రోజు రాత్రి పది గంటలకి అరకిలో వైట్ చాక్లెట్ కరిగించాను. చక్కగా కరిగింది. కేకు క్రీమ్‌లోకి వాడే ఎర్ర రంగు ఉంటే అది కొన్ని చుక్కలు వేశాను. కలుపుతుండగానే చాక్లెట్ కాస్తా తడిసిన సున్నం ముద్దలా అయిపోయింది. పల్చబడుతుందేమోనని రెండు స్పూన్ల పాలు పోశాను. ఇంకా బిగుసుకుంది. వేడి చాల్లేదేమోనని మంట పెంచాను. మాడు వాసన వచ్చింది. అంతే, మొత్తం చెత్తబుట్టలోకి పోయింది. పొద్దున్నే ఆవిడకి ఫోన్ చేసి సారీ చెప్పి, అడ్వాన్స్ వెనక్కి పంపాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. కానీ మళ్లీ ఆర్డర్ కూడా ఇవ్వలేదు.

తర్వాత నాకు అర్థమైంది ఏంటంటే, ఆ రాత్రి నేను చేసింది ఒక తప్పు కాదు, మూడు. మొదటిదాన్ని సరిచేయొచ్చు. జబ్బేంటో చూడకుండా మందు వేశాను కాబట్టి చేయిదాటిపోయింది. అందుకే ఈ వీడియోలో మీరు ఒక్క మాట గుర్తుపెట్టుకున్నా చాలు. చాక్లెట్ తేడాగా కనిపించగానే స్టవ్ ఆపండి. ఏం జరిగిందో చూడండి. ఆ తర్వాతే అందులో ఏదైనా వేయండి.

అసలు చాక్లెట్‌లో ఏముంటుంది?

చాక్లెట్‌లో నీళ్లు దాదాపు ఉండవు. మెత్తగా నూరిన చక్కెర, కోకో పొడి, మిల్క్ చాక్లెట్ అయితే పాలపొడి, ఇవన్నీ కొవ్వులో కలిసి ఉంటాయి. ఆ కొవ్వు పేరే కోకో బటర్. అది సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు కాబట్టి చాక్లెట్ నోట్లో పెట్టుకోగానే కరిగిపోతుంది. మే నెలలో స్కూటీ డిక్కీలో పెట్టిన చాక్లెట్ ఇంటికొచ్చేసరికి పాయసంలా అయ్యేదీ ఇందుకే. అంటే చాక్లెట్ కరగడానికి పెద్ద వేడి అక్కర్లేదు. డార్క్ అయితే 50 డిగ్రీలు, మిల్క్, వైట్ అయితే 45 డిగ్రీలు దాటనివ్వకండి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి కదా, మనకి కావాల్సింది అందులో సగం కంటే ఎక్కువ కాదు.

ఇంకో ముఖ్యమైన విషయం, షాపులో రెండు రకాలు దొరుకుతాయి. కోకో బటర్ ఉన్నది ప్యూర్ చాక్లెట్, దీన్నే కూవర్చర్ అని కూడా అమ్ముతారు. కోకో బటర్ బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ వేసింది కాంపౌండ్. ప్యాకెట్ వెనక ఉన్న పదార్థాల లిస్టు చదివితే తెలిసిపోతుంది. కాంపౌండ్ ధర తక్కువ, పని సులువు. రుచి మాత్రం ప్యూర్ చాక్లెట్‌దే. మీ చేతిలో ఉన్నది ఏదో తెలియకపోతే మాత్రం తర్వాత చెప్పే సగం విషయాలు మీకు పనిచేయవు.

కరిగించే పద్ధతి

ముందు చాక్లెట్‌ని చాకుతో సన్నగా, ఒకే సైజులో తరగండి. పెద్ద ముక్కలు కరిగేలోపు చిన్నవి మాడతాయి. గిన్నె, గరిటె, చాకు, చాపింగ్ బోర్డు, మీ చేతులు, అన్నీ పొడిగా ఉండాలి. కడిగి ఆరబెట్టినా సరే, పొడి బట్టతో ఇంకోసారి తుడవండి. చెక్క గరిటె వద్దు, అది తడి పట్టి ఉంచుతుంది. సిలికాన్ స్పాచులా మంచిది.

స్టవ్ మీద అయితే ఒక గిన్నెలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి మరిగించండి. మరగడం మొదలవగానే స్టవ్ ఆపేయండి. దాని మీద చాక్లెట్ ఉన్న వెడల్పాటి గిన్నె పెట్టండి. పై గిన్నె అడుగు నీళ్లకి తగలకూడదు. అంచుల పక్క నుంచి ఆవిరి లోపలికి రాకూడదు. మూత అసలు పెట్టొద్దు, మూతకి పట్టిన ఆవిరి చుక్కలుగా చాక్లెట్‌లో పడుతుంది. ముప్పావు వంతు కరగగానే దించేసి, గిన్నె అడుగున ఉన్న తడి తుడిచి, కలుపుతూ ఉండండి. మిగతాది ఆ వేడికే కరిగిపోతుంది.

మైక్రోవేవ్ అయితే పవర్ సగానికి తగ్గించండి. మొదట 30 సెకన్లు, తీసి కలపడం. తర్వాత 15 సెకన్లు, మళ్లీ కలపడం. ఇక్కడ చాలామంది మోసపోతారు. చాక్లెట్ ముక్క లోపల కరిగినా బయటికి ఆకారం అలాగే కనిపిస్తుంది. "ఇంకా కరగలేదు" అని ఇంకో నిమిషం పెడితే మధ్యలో మాడిపోతుంది. కళ్లతో చూసి కాదు, గరిటెతో కలిపి తెలుసుకోండి.

ఇప్పుడు సమస్యలు ఒక్కొక్కటిగా చూద్దాం.

ఉన్నట్టుండి ముద్దకట్టి, గరుకుగా అయింది

దీన్నే సీజ్ అవ్వడం అంటారు. కారణం నీళ్లు. చక్కెర డబ్బాలో తడి చెంచా పెడితే ఏమవుతుంది? ఉండ కడుతుంది కదా. ఇక్కడ జరిగేది కూడా అదే. కొంచెం తడి తగలగానే చక్కెర రేణువులు జిగురెక్కి ఒకదానికొకటి అతుక్కుంటాయి. నా ఆర్డర్ పోయింది ఇక్కడే. కేకు క్రీమ్‌లో వాడే లిక్విడ్ రంగుల్లో నీళ్లుంటాయి. చాక్లెట్‌కి ఆయిల్ బేస్ రంగు గానీ, పొడి రంగు గానీ వాడాలి. ఎసెన్స్‌లు కూడా చాక్లెట్ కోసం చేసిన ఆయిల్ రకమే తీసుకోండి. స్ట్రాబెర్రీలు ముంచాలంటే కడిగాక పూర్తిగా ఆరనివ్వండి.

మరి ముద్దైపోతే? వినడానికి వింతగా ఉంటుంది కానీ, ఇంకొంచెం నీళ్లు పోయాలి. ఆ చక్కెర ఉండనే గ్లాసుడు నీళ్లలో వేస్తే కరిగిపోతుంది కదా, అదే లెక్క. వేడి నీళ్లు గానీ వేడి పాలు గానీ ఒక్కో టేబుల్ స్పూన్ పోస్తూ గట్టిగా కలపండి. మొదట ఇంకా పాడైనట్టు ఉంటుంది, భయపడొద్దు. సుమారు 50 నుంచి 60 గ్రాముల చాక్లెట్‌కి ఒక టేబుల్ స్పూన్ చొప్పున పడితే మళ్లీ నునుపుగా అవుతుంది. నేను అరకిలోకి రెండే స్పూన్లు, అదీ చల్లటి పాలు పోశాను. అవి ముద్దని ఇంకా బిగించడానికి సరిపోయాయి, కరిగించడానికి సరిపోలేదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఇలా బాగుచేసిన చాక్లెట్ అచ్చుల్లో పోస్తే గట్టిపడదు. సాస్‌గా, బ్రౌనీలోకి, వేడి పాలల్లోకి వాడుకోండి. చాక్లెట్ మిగులుతుంది, డబ్బు మిగులుతుంది, ఆర్డర్‌కి మాత్రం కొత్తది కరిగించుకోవాల్సిందే.

చిక్కగా ఉంది, కానీ ముద్ద కాలేదు

కలిపితే నునుపుగానే ఉంది, గరిటె నుంచి జారట్లేదు అంతే. ఇది తడి సమస్య కాదు. ఇక్కడ పాలు పోశారంటే బాగున్నదాన్ని మీరే పాడుచేసినట్టు. దీనికి కావాల్సింది కొవ్వు. ప్యూర్ చాక్లెట్ అయితే కొంచెం కోకో బటర్, అది లేకపోతే వాసన లేని నూనె, 100 గ్రాములకి ఒక టీ స్పూన్‌తో మొదలుపెట్టండి. నూనె ఎక్కువైతే చాక్లెట్ మెత్తబడి, విరిచినప్పుడు టక్ మనదు. చాకోచిప్స్‌తో ఈ సమస్య ఎక్కువ. ఓవెన్‌లో ఆకారం పోకుండా ఉండాలని వాటిలో కొవ్వు తక్కువ వేస్తారు. అందుకే కోటింగ్‌కి చిప్స్ కాకుండా స్లాబ్ కొనండి.

వేడెక్కువైంది

మెరుపు పోయి, చిక్కబడి, కొద్దిగా పలుకులు వచ్చాయి, మాడు వాసన మాత్రం లేదు. వెంటనే పొడిగా ఉన్న చల్లటి గిన్నెలోకి మార్చండి. గుప్పెడు కరగని చాక్లెట్ ముక్కలు వేసి కలపండి. వేడి తగ్గితే చాలాసార్లు దారికొస్తుంది. పలుకులు మిగిలితే జల్లెడ పట్టండి. మాడు వాసన వచ్చిందంటే ఇక ఏమీ చేయలేం. చక్కెర వేసినా, క్రీమ్ వేసినా ఆ చేదు పోదు. దాన్ని కేకులో కలిపితే కేకు కూడా పోతుంది. బాధగా ఉన్నా పారేయండి. వైట్ చాక్లెట్‌లో పాలపొడి, చక్కెర ఎక్కువ కాబట్టి అన్నిటికంటే త్వరగా మాడేది అదే.

గట్టిపడింది, కానీ తెల్లటి చారలు వచ్చాయి

కోకో బటర్ గడ్డకట్టేటప్పుడు ఆరు రకాల స్ఫటికాలుగా మారగలదు. వాటిలో ఒక్క రకమే మెరుపునీ, టక్‌మని విరిగే గుణాన్నీ ఇస్తుంది. ఆ రకం వచ్చేలా వేడిని నడిపించడాన్నే టెంపరింగ్ అంటారు. ఇంట్లో సులువైన పద్ధతి చెప్తాను. చాక్లెట్‌లో మూడింట రెండు వంతులు కరిగించండి. దించాక మిగిలిన ఒక వంతు సన్నగా తరిగి, కొంచెం కొంచెంగా వేస్తూ కలపండి. డార్క్ అయితే 31 నుంచి 32 డిగ్రీలకి, మిల్క్ అయితే 29 నుంచి 30కి, వైట్ అయితే 28 నుంచి 29కి వచ్చేవరకు కలపాలి. వంటింటి థర్మామీటర్ కొనుక్కోండి, పాడయ్యే చాక్లెట్ ఖర్చు ముందు అది ఎక్కువేం కాదు. చివర్లో కొంచెం బటర్ పేపర్ మీద రాసి చూడండి. ఐదు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడితే రెడీ.

అయితే గది వేడి 35 డిగ్రీలుంటే ఏ టెంపరింగూ నిలబడదు. ఏసీ వేసి 20, 22 డిగ్రీలకి తెచ్చుకోవాలి. ఏసీ లేదా? మన ఎండాకాలంలో కాంపౌండ్ వాడండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దానికి టెంపరింగ్ అక్కర్లేదు. కానీ కొనేవాళ్లకి కాంపౌండ్ అని చెప్పే అమ్మండి. ఖర్చు తగ్గుతుందని రెండూ కలపొద్దు. ఆ రెండు కొవ్వులు ఒకదానితో ఒకటి సరిగా కుదరవు, చాక్లెట్ మెత్తబడి తెల్లబారుతుంది.

దాచిపెట్టిన చాక్లెట్ తెల్లబడితే వేలితో రుద్దండి. జిడ్డుగా కరిగితే అది పైకి తేలిన కొవ్వు. పొడిగా, గరుకుగా ఉంటే అది చక్కెర, ఫ్రిజ్ తడి పట్టింది అని అర్థం. రెండూ బూజు కాదు, తినొచ్చు. ఫ్రిజ్‌లో పెట్టక తప్పకపోతే గాలి చొరని డబ్బాలో పెట్టండి. బయటికి తీశాక డబ్బా గది వేడికి వచ్చేవరకు మూత తెరవకండి.

మన గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల మధ్య కోకో పండిస్తారు. ఆ కాయ కోసి, గింజలు పులియబెట్టి, ఎండబెట్టి, ఇంత పని అయ్యాక అది మన గిన్నెలోకి వస్తుంది. మంట పెంచే ముందు ఆ కష్టం ఒక్కసారి గుర్తు చేసుకోండి.

ఆ ఆర్డర్ పోయాక నేను పెట్టుకున్న అలవాటు ఒకటుంది. ఎంత పెద్ద ఆర్డర్ అయినా ముందు 50 గ్రాములు కరిగించి, రంగు కలిపి, ఒక్క చాక్లెట్ చేసి చూస్తాను. అది బాగా వస్తేనే మిగతాది గిన్నెలో వేస్తాను. పోతే 50 గ్రాములే పోతుంది, మాట పోదు. మీరూ అలాగే చేయండి. మీ చాక్లెట్ ఎక్కడ తేడా కొట్టిందో, దానికి ముందు ఏం వేశారో కామెంట్‌లో రాయండి, చూసి చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.