రియాద్‌లో పన్నెండో తరగతి అర్థశాస్త్రం

మన మారిషస్‌లో లోయర్ సిక్స్‌లో ఎకనామిక్స్ తీసుకున్న పిల్లలు చివరికి కేంబ్రిడ్జి పరీక్ష రాస్తారు. సౌదీ అరేబియాలో ఉన్న చాలామంది తెలుగు పిల్లలు రాసేది ఢిల్లీ బోర్డు పరీక్ష. రియాద్, జెడ్డా, దమ్మామ్ నగరాల్లోని ఇంటర్నేషనల్ ఇండియన్ స్కూళ్లు సీబీఎస్ఈ కింద నడుస్తాయి. అక్కడ పదకొండో తరగతిలో గణాంకాలు, సూక్ష్మ అర్థశాస్త్రం చదువుతారు. పన్నెండులో స్థూల అర్థశాస్త్రం, భారత ఆర్థికాభివృద్ధి. చూశారా, ఇల్లు సౌదీలో ఉంది, పుస్తకంలో ఉన్నది మాత్రం ఇండియా! పంచవర్ష ప్రణాళికలు, హరిత విప్లవం, 1991 సంస్కరణలు కంఠస్థం చేస్తారు.

ఒక పాఠం మాత్రం నేరుగా ఇంట్లోకి వస్తుంది. అది మారకపు రేటు. అంటే ఒక దేశం డబ్బు ఇస్తే మరో దేశం డబ్బు ఎంత వస్తుందనే లెక్క. 1986 నుంచి ఒక డాలరుకు 3.75 సౌదీ రియాళ్లు. అది మారదు. భారత రూపాయి మాత్రం మన మారిషస్ రూపాయి లాగే పైకీ కిందికీ కదులుతుంది. 2013 మే మొదట్లో ఒక రియాల్‌కు 14 రూపాయలకు కొంచెం పైన వచ్చేది. ఆగస్టు చివర్లో ఒక దశలో 18 దాటింది. నాన్న జీతం పెరగలేదు. అయినా 1,000 రియాళ్లు పంపితే కరీంనగర్‌లో ఇంటికి దాదాపు 4,000 రూపాయలు ఎక్కువ చేరాయి. నా తరగతిలో నేను ఈ లెక్కే ఇస్తాను. పౌండ్లు, యూరోల లెక్కకంటే ఇది పిల్లలకు త్వరగా అర్థమవుతుంది.

ఇంకో మాట నేర్చుకోండి: అవకాశ వ్యయం. ఒకటి ఎంచుకుంటే మరొకటి వదులుకోవాలి. ఆ వదులుకున్నదాని విలువే అవకాశ వ్యయం. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం విదేశీ ఉద్యోగుల కుటుంబాల మీద కొత్త రుసుము పెట్టింది. ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్లు. ఏటా వంద పెంచుతూ 2020కి 400 చేసింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే మొదట ఏడాదికి 3,600 రియాళ్లు, 2020 నుంచి 14,400. మీరే చెప్పండి, ఇది కట్టి కలిసి ఉండాలా, ఇంటివాళ్లను పంపేసి డబ్బు మిగుల్చుకోవాలా?

చాలామంది పంపేశారు. పదకొండో తరగతి మధ్యలో ఉన్న పిల్లకు అది పెద్ద దెబ్బే. తెలంగాణలో, ఆంధ్రలో ఎక్కువ కాలేజీల్లో ఉండేది ఇంటర్మీడియెట్. బోర్డు వేరు, పుస్తకాలు వేరు. పైగా నాన్న దగ్గర లేడు. అవకాశ వ్యయం అంటే డబ్బులోనే చెప్పాలనే పుస్తకాలు నాకు నచ్చవు. (చిన్న జీతాల కూలీలకు ఈ ప్రశ్నే రాదు. కుటుంబాన్ని తెచ్చుకునే వీలు వాళ్లకు సాధారణంగా ఉండదు.)

మన ముత్తాతలు కూడా కోరంగి రేవు నుంచి ఒప్పందం మీదే వచ్చారు. కానీ ఒప్పందం ముగిశాక ఇక్కడ ఉండిపోవడానికి వాళ్లకు దారి దొరికింది. సౌదీలో ఇఖామా, అంటే నివాస అనుమతి, ఉన్నంత కాలమే ఇల్లు. అందుకే పన్నెండో తరగతి అయ్యాక చాలామంది డిగ్రీ కోసం ఇండియాకో, మరో దేశానికో వెళ్తారు. ఇఖామా రద్దు చేసుకుని వెళ్తే ఇంటి లెక్కలో ఒక తల తగ్గుతుంది, ఏడాదికి 4,800 రియాళ్లు మిగులుతాయి.